మొదటి మూడు మాటల మేవిస్

హార్‌క్లఫ్ ఊళ్ళో మేవిస్ హోల్రాయిడ్ గొంతు ఎరగని మనిషి లేడు. ఆమెను వేదిక మీద చూసిన మనిషీ లేడు. దాదాపు నలభై ఏళ్ళు ఆ ఊరి నాటక సంఘానికి ఆమే ప్రాంప్టర్. వింగ్ చాటున ఒక స్టూలు, ఒళ్ళో పుస్తకం, చేతిలో బొటనవేలంత టార్చిలైటు. నటుడు మాట మరిచిపోయి చేపలా నోరు తెరిస్తే, మొదటి మూడు మాటలు గుసగుసగా అందించేది. నాలుగోది చచ్చినా ఇచ్చేది కాదు.

"నాలుగోది కూడా నేనే ఇస్తే ఇంక వాడెందుకు, లవ్? ఆ మీసాలు నేనే పెట్టుకుని వెళ్తాగా" అనేది.

ఈ ఇంగ్లీషు ఊళ్ళో ఆడా మగా తేడా లేకుండా అందర్నీ లవ్ అనే అంటారు. నేను కొత్తగా బస్సు నడుపుతున్న రోజుల్లో, రాతి క్వారీలో పనిచేసే ఆరడుగుల గడ్డంవాడొకడు చిల్లర అందుకుంటూ "థాంక్యూ లవ్" అన్నాడు. ఆ దెబ్బతో రెండు వారాలు వేరే రూటు అడిగి పుచ్చుకున్నాను.

మేవిస్ గుసగుస మహిమ చెబితే మీరు నమ్మరు. అయినా చెబుతాను. వేదిక మీదున్నవాడికి చెవిలో చెప్పినట్టు వినబడేది, మొదటి వరసలో కూర్చున్నవాడికి చీమ దగ్గినంత కూడా తెలిసేది కాదు. ఒక శీతాకాలం, కొండ మీద పొగమంచులో ఓ గొర్రెల కాపరి దారి తప్పితే, ఈవిడ లోయలో తన వాకిట్లో నిలబడి "ఎడమకి తిరిగి, గోడ..." అని గుసగుసలాడిందట. అతను మిగతాది తనే పూర్తి చేసుకుని ఇల్లు చేరాడట. ఊళ్ళో చెప్పుకుంటారు. చెప్పుకుంటారంటే, మొదలుపెట్టింది నేనే.

నా పేరు భాస్కర్. వీళ్ళకి నోరు తిరక్క 'బాస్' అని ఊరుకున్నారు. డిగ్రీ రెండో ఏట కాలేజీ నన్ను భరించలేక వదిలేసింది. అలాంటివాణ్ణి వచ్చి ఒక ఇంగ్లీషు ఊరు ఊరంతటి చేతా పొద్దున లేస్తే బాస్ అనిపించుకుంటున్నానంటే, చదువుకున్న మా అన్నదమ్ములు కాస్త ఆలోచించుకోవాలి. బస్సు నడుపుతున్న ఇన్నాళ్ళలో నేను ఆలస్యంగా వెళ్ళింది లేదు. స్టాపులే అప్పుడప్పుడు తొందరపడి ముందుకు వస్తుంటాయి.

నాటక సంఘం మూతబడ్డాక మేవిస్ మా 'మాట్లాడే పేపర్'కి వచ్చింది. చూపు లేనివాళ్ళ కోసం ఊరి వార్తలు చదివి, రికార్డు చేసి, పసుపుపచ్చ సంచుల్లో పెట్టి పోస్టులో పంపుతాం. ప్రతి గురువారం మధ్యాహ్నం మెథడిస్టు చర్చి హాలు మేడమీద గదిలో పని. ఎవరింట్లోనైనా వినే యంత్రం మొరాయిస్తే వెళ్ళి బాగుచేసేది నేను. బాగుచేయడమంటే, ఎక్కువ సార్లు, ఊడిపోయిన ప్లగ్గు పెట్టడం. ఆ సంగతి ఎవరికీ చెప్పకండి, ఇక్కడ నన్ను ఇంజనీరు అనుకుంటున్నారు.

మేవిస్ ఒక కోరిక కోరింది. వార్తలు అయ్యాక, వీళ్ళంతా చిన్నప్పటి నుంచి చూస్తూ పెరిగిన పాత నాటకాలని ఒక్కొక్కటే కథలా చెబుతానంది. మా అధ్యక్షురాలు బెరిల్ సరేనంది. బెరిల్ దేనికైనా సరేనంటుంది, ఆవిడకి టీ చల్లారిపోకుండా ఉంటే చాలు.

ఆ గురువారం మేవిస్ కొత్త స్వెట్టరు వేసుకుని, గొంతు బిళ్ళల డబ్బా తెచ్చుకుని వచ్చింది. మైకు ముందు కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది, చర్చిలో కూర్చున్నట్టు.

"భయంగా ఉందా?" అన్నాను.

"నలభై ఏళ్ళు ఇంకొకళ్ళ మాటలు ఇంకొకళ్ళకి ఇచ్చాను, బాస్. నా గొంతుతో ఒక కథ మొదలెట్టి, నేనే ముగించడం ఇదే మొదటిసారి. ఇది కూడా పోయిందనుకో, ఇంక ఇంట్లో కెటిల్‌తో మాట్లాడుకోవాల్సిందే. దానికి మొదటి మూడు మాటలు చెబితే ఈల వేస్తుంది, అంతే."

నవ్వుతూనే అంది. కానీ బిళ్ళల డబ్బా మూత తియ్యడానికి ఆమె వేళ్ళు సహకరించలేదు. నేనే తీసిచ్చాను.

మొదటి కథ మంచి పేరున్న పాత నాటకం. సర్ ఆంబ్రోస్ అని ఒక ముసలి జమీందారు. అతని మేనకోడలు లెటీషియా. ముసలాయన చూసిన సంబంధం పిల్లకి నచ్చదు, పిల్లకి నచ్చినవాడు ముసలాయనకి నచ్చడు. చివరి అంకంలో హాల్లో ఒక నిలువెత్తు గడియారం, దాని పెట్టెలో ఎవరో దాక్కున్న అలికిడి. సర్ ఆంబ్రోస్ చేతికర్ర ఎత్తి, "లోపలున్నది ఎవర్రా?" అని గర్జిస్తాడు.

"అప్పుడు గడియారం వైపు నుంచి జవాబు వచ్చింది" అని చెప్పింది మేవిస్, చక్కగా, గంభీరంగా. "'అయ్యా, తమరు నన్ను...'"

ఆగింది.

నేను మైకు చూశాను. మైకు బాగానే ఉంది. మేవిస్‌ని చూశాను. ఆమె ఎదురుగా ఉన్న గోడని ఆప్యాయంగా చూస్తోంది. బయట పాలబండి వెనక్కి వెళ్తున్న చప్పుడు. కాసేపటికి ఆమె తల ఊపి, "ఆ మాట విని లెటీషియా మూర్ఛపోయింది" అంటూ కొనసాగించింది.

ఏ మాట విని?

కథంతా అదే వరస. ఎవరు మాట్లాడబోయినా మూడు మాటలు, తర్వాత నిశ్శబ్దం, తర్వాత ఆ మాటలకి తగిన పర్యవసానం. కథ అయ్యాక నాకు తలా తెలియలేదు, తోకా తెలియలేదు. పెళ్ళి అయింది, అది రూఢి. ఎవరికి అయిందో మాత్రం అడక్కండి.

అన్నీ సంచుల్లో పెట్టి పంపేశాం. ఫిర్యాదు ఒక్కటి రాలేదు. పైగా, వచ్చే వారం ఎప్పుడని ఫోన్లు.

ఈ వింత తట్టుకోలేనిది క్లైవ్ పికర్స్‌గిల్ ఒక్కడే. ఇళ్ళ లోన్లిచ్చే ఆఫీసులో మేనేజరుగా చేసి రిటైరయ్యాడు. మా దగ్గర కంప్యూటరు ఆయనదే, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ప్రతి దగ్గూ ప్రతి కాగితం చప్పుడూ కత్తిరించడం ఆయన ఆనందం. దుర్మార్గుడు కాదు. వాళ్ళింట్లో తోట కంచె మొక్కలు కూడా స్కేలు పెట్టి కత్తిరిస్తాడు.

"ఇది నాటకమా, మౌనవ్రతమా?" అన్నాడు హెడ్‌ఫోన్లు తీసి. "పాపం, పెద్దావిడ మరిచిపోతోంది. మనమే కాపాడాలి."

కాపాడాడు. రెండో వారం కథలో ఉన్న నిశ్శబ్దాలన్నీ ఏరి పారేశాడు. టీ తాగేంతసేపు సాగే కథ, టీలో చక్కెర కలిపేలోపు అయిపోయింది. ఆఖరి ఘట్టం ఇలా తయారైంది: "కల్నల్ 'నా ప్రాణం పోయినా' అన్నాడు భార్య 'అయితే ఆ తాళంచెవి' అంది ఆ మాటతో కల్నల్ ఏడ్చి వంటమనిషి 'నేను చూస్తుండగా ఆ' అంది అందరూ నవ్వుకున్నారు."

శుక్రవారం పంపాం. సోమవారం నుంచి ఫోను మోగడం ఆగలేదు.

"మేవిస్‌కి ఏమైంది? మమ్మల్ని మాట్లాడనివ్వట్లేదు!"

బెరిల్ ఫోను పెట్టేసి మా వైపు అయోమయంగా చూసింది. "మాట్లాడనివ్వకపోవడమేంటి? వాళ్ళు వినేవాళ్ళు కదా?"

"యంత్రాలు చెడిపోయుంటాయి" అన్నాడు క్లైవ్. "బాస్, నువ్వెళ్ళి చూడు."

మొదట విల్ఫ్ ఇంటికి వెళ్ళాను. విల్ఫ్ ఒకప్పుడు ఊళ్ళో మాంసం కొట్టు నడిపాడు, నాటక సంఘంలో కథానాయకుడు. చూపు పోయి చాలా కాలమైంది. తలుపు తీసే ఉంది. లోపలికి అడుగుపెట్టి అక్కడే నిలబడిపోయాను. విల్ఫ్ టై కట్టుకుని, ఫైర్‌ప్లేసు పక్కన ఛాతీ విరుచుకుని నిలబడి ఉన్నాడు. బల్ల మీద యంత్రంలో మొదటి వారం కథ నడుస్తోంది.

"'అయ్యా, తమరు నన్ను...'" అంది మేవిస్ గొంతు.

"అయ్యా, తమరు నన్ను క్షమించినా సరే, కాల్చి చంపినా సరే, లెటీషియా నాది!" అని విల్ఫ్ గది అదిరేలా అరిచాడు. తర్వాత వంగి నమస్కరించాడు. "ఆ మాట విని లెటీషియా మూర్ఛపోయింది" అంది యంత్రం, సరిగ్గా సమయానికి.

నేను దగ్గాను.

"ఎవర్రా అది? బాస్? కూర్చో, కూర్చో, ఇంకో డైలాగుంది నాది."

"విల్ఫ్, ఒంట్లో బాగానే ఉందా?"

"ఆ కెప్టెన్ వేషం నాదేగా! ఆ గడియారంలో ముక్కు చితికిపోయేలా నిలబడింది నేనేగా! మేవిస్ అందిస్తోంది, నేను చెప్తున్నా. మొన్నటిదాకా మహా చక్కగా జరిగింది. ఈ వారం ఏమైందో ఏంటో, నేను నోరు తెరిచేలోపు బండి వెళ్ళిపోతోంది. బస్సు నీదేనేమిట్రా?"

"నాదైతే ఆగేదే."

"అబద్ధాలాడకు, పోయిన నెల నన్ను వదిలేసి పోయావు."

అక్కణ్ణించి హిల్డా క్రాస్లీ ఇంటికి వెళ్ళాను. హిల్డా బళ్ళో పిల్లలకి భోజనాలు వండేది. సంఘంలో పనిమనిషి వేషాలన్నీ ఆవిడవే. ఆవిడ కుర్చీలోంచి లేవలేదు కానీ, ఒళ్ళో తువ్వాలు ఏప్రన్‌లా కట్టుకుని ఉంది. ఆవిడ యంత్రంలోనూ అదే కథ, అదే చోటు.

"'అయ్యా, తమరు నన్ను...'"

"అయ్యా, తమరు నన్ను పనిలోంచి తీసేసినా సరే, లోపలున్నది మన పెంపుడు పిల్లి!" అంది హిల్డా దీనంగా.

"ఆ మాట విని లెటీషియా మూర్ఛపోయింది" అంది యంత్రం.

ఇదీ కుదిరింది! పిల్లిని చూసి ఎందుకు మూర్ఛపోయిందో నాకు అర్థం కాలేదు కానీ, కుదిరింది.

"హిల్డా, ఆ మాట కెప్టెన్‌ది కదా? విల్ఫ్ అలా అన్నాడు."

"విల్ఫా?" ఆవిడ తువ్వాలు విసిరికొట్టింది. "ఆ ఏడు విల్ఫ్‌కి జలుబు. మొదటి అంకంలోనే తుమ్మి తుమ్మి ఇంటికి పోయాడు. గడియారం ముందు నిలబడి పిల్లి అని చెప్పి నాటకాన్ని కాపాడింది నేను! ఊరంతా చప్పట్లు. వాడు మళ్ళీ కెప్టెనట, కెప్టెను! సాసేజిలు కూడా తూకం తక్కువ ఇచ్చేవాడు."

ఆ సాయంత్రానికి నేను మరో నాలుగు గడపలు తొక్కాను. ఒక ఇంట్లో లెటీషియాకి పెళ్ళి సర్ ఆంబ్రోస్‌తోనే అయింది. ఇంకో ఇంట్లో గడియారంలోంచి దొంగ వచ్చి వెండి చెంచాలు పట్టుకుపోయాడు. ఒక ముసలాయన మాత్రం ప్రతి నిశ్శబ్దంలోనూ "వినబడటం లేదు, గట్టిగా!" అని అరుస్తున్నాడు. ఆయన నటుడు కాదట, ఎప్పుడూ ఆఖరి వరసలో కూర్చునేవాడట.

తిరిగి వచ్చి క్లైవ్‌కి జరిగింది జరిగినట్టు చెప్పాను. అక్షరం కల్పించలేదు. నా జీవితంలో అలా చెప్పడం కొత్త, అలవాటు లేక మధ్యలో రెండుసార్లు దారి తప్పాను.

క్లైవ్ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "టై కట్టుకుని యంత్రంతో మాట్లాడుతున్నాడా?"

"అవును."

"గడియారంలో పిల్లి?"

"పిల్లి ఒక ఇంట్లోనే. ఇంకో ఇంట్లో దొంగ."

"బాస్, పోయిన క్రిస్మస్‌కి నీ బస్సు కింద పడ్డ జింక లేచి టిక్కెట్టు అడిగిందన్నావు."

"అది వేరు, క్లైవ్. అది చూసినవాళ్ళు ఎవరూ లేరు. దీనికి సాక్షులున్నారు."

"సాక్షులు" అన్నాడు ఆయన జాలిగా. నా భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఎన్నేళ్ళ కష్టంతో సంపాదించుకున్న పేరు, అవసరం పడ్డ రోజునే నా మెడకి చుట్టుకుంది.

పోనీ మేవిస్‌కైనా చెబుదామని వాళ్ళింటికి వెళ్ళాను. అల్లం కేకు కోసి పెట్టింది. క్లైవ్ కత్తిరించని పాత రికార్డింగు ఆమెకే వినిపించాను. మేవిస్ కళ్ళు మూసుకుని విన్నది. నిశ్శబ్దం వచ్చినప్పుడల్లా పెదాలు కొద్దిగా కదిలాయి.

"ఇదిగో, ఇక్కడ ఆగారు చూశారా?" అన్నాను.

"ఎక్కడ?"

"ఇక్కడే. ఏమీ లేదు కదా."

"లేకపోవడమేంటి, లవ్? అంతా వినబడుతోందిగా. చెవులు చూపించుకో."

మళ్ళీ వినిపించాను. మళ్ళీ అదే మాట. మూడోసారికి నాకే అనుమానం వచ్చింది, వినబడుతోందేమోనని. ఆ రోజు కేకు మూడు ముక్కలు తిన్నా ఆ గందరగోళం దిగలేదు.

ఈలోగా క్లైవ్ సర్వసభ్య సమావేశానికి ఒక తీర్మానం రాశాడు. నాటకాల కథలు ఇక మేవిస్ చెప్పదు, ఆయనే అచ్చు పుస్తకం చూసి ఆగకుండా చదువుతాడు. సభ్యులందరికీ నకలు పంపాడు. మేవిస్‌కి మాత్రం స్వయంగా, పూలగుత్తితో సహా తీసుకెళ్ళి ఇచ్చాడు. అలాంటి మనిషి.

సమావేశం రోజు ఆమె నా బస్సులోనే వచ్చింది. ముందు సీట్లో కూర్చుని ఆ కాగితం చదువుకుంటోంది.

"బాగా రాశాడు" అంది. "కానీ రెండో వాక్యంలో ఊపిరి తీసుకోడానికి చోటు పెట్టలేదు. అక్కడ తడబడతాడు, చూస్తూ ఉండు."

"మిమ్మల్ని తీసేస్తున్నాడు, మేవిస్! తడబడితే తడబడనివ్వండి!"

ఆమె కిటికీలోంచి వాన చూసింది. "నాకు గురువారం ఉండాలి, బాస్. నా ప్రాణమంతా దాని మీదే ఉంది. ఉత్తినే చెప్పట్లేదు."

"మరైతే లేచి ఆ మాట చెప్పండి."

"నా మాట నేనా?" అంది, నేనేదో బూతు మాట అన్నట్టు. "ప్రాంప్టర్ తన కోసం తను అందించుకోవడం ఎక్కడైనా ఉందా?"

హాలు నిండింది. వినేవాళ్ళలో రాగలిగినవాళ్ళంతా వచ్చారు. విల్ఫ్ ఈ గోడ పక్కన, హిల్డా ఆ గోడ పక్కన, మధ్యలో వాళ్ళ సాసేజిల పగ. మేవిస్ అలవాటు కొద్దీ వేదిక మెట్ల పక్కన మూలకి కుర్చీ లాక్కుని, తీర్మానం ఒళ్ళో పెట్టుకుంది. వేలు మొదటి లైను కింద ఆనింది.

క్లైవ్ లేచాడు. "మన సంఘ శ్రేయస్సును, శ్రోతల సౌకర్యాన్ని దృష్టిలో ఉంచుకొని, శ్రీమతి హోల్రాయిడ్ ఇన్నాళ్ళుగా ప్రేమతో అందించిన నాటక కథల బాధ్యతను, ఆమె సేవలను మనసారా అభినందిస్తూనే..."

ఊపిరి అయిపోయింది. కాగితం మీద చోటు తప్పింది. కళ్ళద్దాలు పైకి తోశాడు, కిందికి లాగాడు. చేపలా నోరు తెరిచాడు.

మూలనుంచి ఒక గుసగుస.

"'ఈ వారం నుంచి...'"

"ఈ వారం నుంచి నిలిపివేయాలని ప్రతిపాదిస్తున్నాను!" అన్నాడు క్లైవ్, ప్రాణం లేచొచ్చినట్టు. కూర్చున్నాకే ఎవరు అందించారో తట్టినట్టుంది. చెవులు ఎర్రబడ్డాయి.

నేను తల పట్టుకున్నాను.

"దీన్ని బలపరిచేవాళ్ళు?" అంది బెరిల్.

ఎవరూ కదల్లేదు. ఎవరికీ ఇష్టం లేదు, ఎవరికీ ఆ మాట అనే ధైర్యమూ లేదు. గోడగడియారం చప్పుడు. కాఫీ పాత్ర బుసకొట్టింది. నిశ్శబ్దం సాగి సాగి భరించలేనంతైంది. మేవిస్ వేళ్ళు కుర్చీ అంచుని పట్టుకున్నాయి. ఆమె ఆపుకోవాలని చూసింది, నేను సాక్ష్యం.

"'నేను దీన్ని మనస్ఫూర్తిగా...'" గుసగుస.

"మేవిస్ బలపరిచింది" అని బెరిల్ రాసేసుకుంది.

"కాదు, కాదు, అందించిందంతే!" అన్నాను నేను లేచి.

"నాకు వినబడింది, బాస్. మేవిస్, నువ్వు ఆ మాట అన్నావా లేదా?"

"అన్నాను, లవ్" అంది మేవిస్, పాపం, అబద్ధం రానట్టు.

"అయితే అయింది. వ్యతిరేకించేవాళ్ళు గట్టిగా చెప్పండి. చేతులెత్తితే ఇక్కడ సగం మందికి కనబడదు."

ఇదీ అసలు చోటు. హాల్లో అందరి మొహాలూ నాకు కనబడుతున్నాయి. విల్ఫ్ ఛాతీ విరుచుకున్నాడు, నోరు సగం తెరిచాడు. హిల్డా ఒళ్ళో తువ్వాలు లేకపోయినా సర్దుకుంది. అందరూ సిద్ధంగా ఉన్నారు. ఎవరూ మాట్లాడరు. నాకు కాసేపు ఏమీ అర్థం కాలేదు. తర్వాత తట్టింది. వీళ్ళంతా మొదటి మూడు మాటల కోసం ఎదురుచూస్తున్నారు!

మేవిస్ వైపు చూశాను. ఆమెకి అర్థమైంది. నాకంటే ముందే అర్థమైంది. ఆమె పెదాలు బిగించి, తన హ్యాండ్‌బ్యాగు గొళ్ళెం వైపు చూస్తూ కూర్చుంది. ఎవరి కోసమైనా అందిస్తుంది. తన కోసం కాదు.

"ఎవరూ లేరా?" అంది బెరిల్. పెన్ను ఎత్తింది.

నేనే అరుద్దామనుకున్నాను. సభ్యత్వం డబ్బు కట్టలేదు నేను, నా ఓటు చెల్లదు. విల్ఫ్ మొహం అటూ ఇటూ తిరుగుతోంది, చీకట్లో తలుపు వెతుక్కునేవాడిలా. పాపం. మాట మరిచిపోయిన నటుడు. అంతే. ఇంకేమీ కాదు.

మేవిస్ కళ్ళు మూసుకుంది.

"'వీల్లేదు, ససేమిరా, మా...'"

"వీల్లేదు, ససేమిరా, మా మేవిస్‌ని మా నుంచి ఏ శక్తీ వేరు చెయ్యలేదు!" అని విల్ఫ్ గర్జించాడు. అక్కడితో ఆగలేదు, ఊపొచ్చేసింది. "కావాలంటే కాల్చి చంపండి, సర్ ఆంబ్రోస్!"

"వీల్లేదు, ససేమిరా, మా ఇంట్లో పిల్లి కూడా ఒప్పుకోదు!" అంది హిల్డా అటు గోడ నుంచి.

"నీ పిల్లి గొడవేంటే మధ్యలో?"

"నీ తుమ్ములు ఆగాక అడుగు, చెప్తా!"

"వినబడటం లేదు, గట్టిగా!" అన్నాడు ఆఖరి వరస ఆయన.

హాలంతా లేచింది. తలా ఒక మాట, ప్రతి మాటా 'వీల్లేదు'తోనే మొదలు, తర్వాత ఎవరి నాటకం వాళ్ళది. క్లైవ్ బల్ల కొట్టాడు. "ఆగండి! ఇవి ఓట్లా, డైలాగులా?"

బెరిల్ పెన్ను గాల్లోనే ఉంది. "నాకేం తెలుసు? సర్ ఆంబ్రోస్ మన సభ్యుడా?"

"మేవిస్!" క్లైవ్ ఆమె వైపు తిరిగాడు. కోపం కాదు, నిజంగా దారి తప్పినవాడి గొంతు. "తీర్మానం మీరే అందించారు, మీరే బలపరిచారు, మీరే వ్యతిరేకించారు. ఇంతకీ మీరు ఎవరి వైపు?"

"ఎవరు ఆగిపోతే వాళ్ళ వైపు, లవ్" అంది మేవిస్.

అప్పుడే లైన్ డ్యాన్సు క్లాసువాళ్ళు పెద్ద పెద్ద కౌబాయ్ టోపీలతో తలుపు తోసుకుని వచ్చారు, హాలు వాళ్ళ టైమట. తీర్మానం నెగ్గిందో ఓడిందో బెరిల్ ఈనాటికీ చెప్పలేదు. అడిగితే టీ కలుపుతుంది.

ఆ గురువారం మేవిస్ మామూలుగానే వచ్చింది. రావద్దని ఎవరూ అనలేదు, రమ్మనీ అనలేదు. మైకు ముందు కూర్చుని బిళ్ళల డబ్బా తీసింది, ఈసారి మూత తనే తీసుకుంది. క్లైవ్ హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. వచ్చిన ఉత్తరాలన్నీ మళ్ళీ ఆ గడియారం కథే అడిగాయి కనుక అదే మొదలుపెట్టింది.

"'అయ్యా, తమరు నన్ను...'"

నిశ్శబ్దం. క్లైవ్ వేలు ఆపే మీట మీద ఉంది. నేను ఆ వేలు వైపే చూస్తున్నాను. వేలు కదల్లేదు. పెదాలు కదిలాయి.

"...ఆడిటర్ అనుకోకండి" అన్నాడు చిన్నగా.

అది రికార్డయిపోయింది, ఆ వారం ఆయన ఏమీ కత్తిరించలేదు కనుక అలాగే పోస్టులో వెళ్ళింది. సోమవారం మళ్ళీ ఫోన్లు. మధ్యలో దూరి మా డైలాగు చెబుతున్న ఆ బ్యాంకు గొంతు ఎవరిదని. క్లైవ్ స్వయంగా క్షమాపణలు చెప్పాడు. ఇప్పుడు రికార్డింగప్పుడు నోట్లో బిళ్ళ పెట్టుకుని కూర్చుంటాడు, మేవిస్ డబ్బాలోదే.

ఒకరోజు ఆమెను ఇంటి దగ్గర దింపుతూ ఉండబట్టలేక అడిగేశాను. "మేవిస్, ఊరు పిచ్చెక్కిపోతోంది. విల్ఫేమో తనే అంటాడు. హిల్డా పిల్లి అంటుంది. ఆ గడియారం పక్కనే కదా మీరు అన్నేళ్ళు కూర్చున్నది. అందులో ఉన్నది ఎవరు?"

"దానికి వెనక చెక్క ఉండేది కాదు, లవ్."

"అంటే మీకు కనబడేదన్నమాట! ఎవరు మరి?"

బస్సు మెట్టు దిగి, వానలో గొడుగు విప్పుకుంటూ వెనక్కి తిరిగింది.

"నా కోటు" అంది. "వింగ్‌లో మేకు లేదు. అందులోనే తగిలించుకునేదాన్ని."